నడుస్తున్న లైనక్స్‌లో ఎన్‌క్రిప్టెడ్ పార్టిషన్ సైజు మార్చాలా? ఏ దారి ఎవరికి కుదురుతుంది

రూట్ (సిస్టమ్ ఉండే భాగం) 98 శాతం నిండిపోయింది, అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి ఎర్రక్షరాలు చూపిస్తోంది, అదే డిస్క్‌లో ఇంకోచోట 150 జీబీ ఖాళీగా పడుంది, కానీ మధ్యలో ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి చెయ్యి పెట్టాలంటే భయం. ఇలా ఇరుక్కున్నవాళ్ళ కోసమే ఇది. నెట్‌లో వెతికితే ఒకడు క్రిప్ట్‌సెటప్ రీసైజ్ అంటాడు, ఇంకొకడు లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) లేకుండా ముట్టుకోవద్దంటాడు, మూడోవాడు అన్నీ తుడిచేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకో పో అంటాడు. ముగ్గురూ కరెక్టే, కాకపోతే ముగ్గురి డిస్కులూ వేరు.

ఇక్కడ లక్స్ గురించే మాట్లాడుతున్నా, ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఇన్‌స్టాలర్లలో ఎన్‌క్రిప్ట్ అని టిక్ పెడితే వచ్చేది అదే. కమాండ్ల పేర్లు తెలుగులోనే రాసేశా, టైప్ చేసేప్పుడు మీరే ఇంగ్లీష్‌లో కొట్టుకోండి. గుడ్డిగా కాపీ పేస్ట్ చేసే అవకాశం లేకపోవడం ఈ పనికి ఒకరకంగా మంచిదే.

## ముందు ఈ ఐదు ప్రశ్నలు

ఏ టూల్ వాడాలి అనేది ఆఖరి ప్రశ్న. దానికన్నా ముందు టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్, ఖాళీ ఎక్కడుందో చూడ్డానికి పార్టెడ్ (పార్టిషన్లు మార్చే టూల్) లో ప్రింట్ ఫ్రీ కొట్టి, స్క్రీన్ చూస్తూ వీటికి సమాధానం చెప్పుకోండి.

1. పెంచాలా, తగ్గించాలా? పెంచడం దాదాపు ఎప్పుడూ నడుస్తుండగానే అయిపోతుంది. తగ్గించడం మాత్రం పూర్తిగా వేరే కథ.

2. ఖాళీ ఎటువైపు ఉంది? మీ లక్స్ పార్టిషన్ వెనకాలే, అంటే కుడిపక్క ఆనుకుని ఉంటే మీ అదృష్టం. ఎడమపక్క ఉన్నా, మధ్యలో ఇంకో పార్టిషన్ అడ్డున్నా లెక్క మారిపోతుంది.

3. లోపల ఏ ఫైల్‌సిస్టమ్? ఈఎక్స్‌టీ4 మౌంట్ అయి ఉండగానే పెరుగుతుంది, తగ్గాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాల్సిందే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెరుగుతుంది, తగ్గడం మాత్రం లేదనే అనుకోండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పెరుగుతుంది, తగ్గుతుంది, రెండూ మౌంట్ అయి ఉండగానే.

4. మధ్యలో ఎల్‌వీఎం (జాగాని కావాల్సినట్టు ముక్కలుగా పంచే పొర) ఉందా? ఉబుంటు, డెబియన్ ఎన్‌క్రిప్టెడ్ ఇన్‌స్టాల్‌లో మామూలుగా లక్స్ లోపల ఎల్‌వీఎం, దాని లోపల ఈఎక్స్‌టీ4 ఉంటాయి. ఫెడోరా వర్క్‌స్టేషన్‌లో 33వ వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, లక్స్ లోపల నేరుగా బీటీఆర్‌ఎఫ్‌ఎస్సే.

5. మిషన్ ఎంతసేపు ఆపగలరు, బ్యాకప్ ఉందా? రెండో సగానికి సమాధానం లేదు అయితే ఇక్కడే ఆగి ముందు బ్యాకప్ తీసుకోండి. నస పెడుతున్నా అనుకోకండి, మామూలు డిస్క్‌లో తప్పు చేస్తే ఫోటోలు రికవర్ చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి, లక్స్ హెడర్ (పార్టిషన్ మొదట్లో తాళం వివరాలుండే భాగం) పోతే మాత్రం పాస్‌వర్డ్ గుర్తున్నా సరే లోపలున్నది వట్టి చెత్త బైట్లే.

నాలుగో ప్రశ్న దగ్గర ఇంకో మాట. వీజీఎస్ అని కొట్టి వీఫ్రీ కాలమ్ (ఇంకా ఎవరికీ ఇవ్వని ఖాళీ) చూడండి. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ చాలా సైజుల్లో వాల్యూమ్ గ్రూప్ (వీజీ, అంటే ఎల్‌వీఎం ఉమ్మడి జాగా) మొత్తాన్ని రూట్‌కి ఇవ్వదు, సగం దాకా ఖాళీగా వదిలేస్తుంది. అలా ఉంటే మీకు పార్టిషన్‌తో పనే లేదు, లక్స్‌తో అసలు పనే లేదు, ఎల్‌వీ ఎక్స్‌టెండ్ హైఫన్ ఆర్ ఒక్కటి కొడితే చాలు. అలాగే రూట్ నిండిపోయి, స్లాష్ హోమ్ అదే గ్రూప్‌లో వేరే ఎల్‌వీగా (ఆ గ్రూప్‌లోంచి కోసిన ముక్కగా) ఉండి ఖాళీగా ఉంటే, ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని పెంచడమే, అక్కడ కూడా ఎన్‌క్రిప్షన్ జోలికి పోనక్కర్లేదు. ఇది చూడకుండా లైవ్ యూఎస్‌బీ తయారుచేసుకుని కూర్చున్నవాళ్ళని చాలామందిని చూశా.

## బియ్యం డ్రమ్ము లెక్క

డ్రమ్ములో సంచి, సంచిలో బియ్యం ఉన్నాయనుకోండి. డ్రమ్ము పార్టిషన్, సంచి లక్స్, బియ్యం ఫైల్‌సిస్టమ్. ఎక్కువ బియ్యం పట్టాలంటే ముందు పెద్ద డ్రమ్ము రావాలి, తర్వాత సంచి సాగాలి, ఆ తర్వాతే బియ్యం పోయాలి. డ్రమ్ము చిన్నది చేయాలంటే ముందు బియ్యం తియ్యాలి, సంచి ముడి కిందకి దించాలి, అప్పుడు డ్రమ్ము. అంటే పెంచేప్పుడు బయటనుంచి లోపలికి, తగ్గించేప్పుడు లోపలనుంచి బయటికి. ఈ వరస తప్పడం వల్లే సగం ప్రమాదాలు జరుగుతాయి.

ఒక విచిత్రం ఏంటంటే సాధారణ లక్స్ సెటప్‌లో హెడర్ లోపల సైజు రాసి ఉండదు. తాళం తీసిన ప్రతిసారీ అది పార్టిషన్ ఎంతుందో చూసుకుని మొత్తం నాదే అంటుంది. దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. లాభం, పార్టిషన్ పెంచాక క్రిప్ట్‌సెటప్ రీసైజ్ కొట్టడం మర్చిపోయినా రీబూట్ చేస్తే అదే సర్దుకుంటుంది. నష్టం, క్రిప్ట్‌సెటప్ రీసైజ్‌తో తగ్గించి పార్టిషన్ తగ్గించకుండా వదిలేస్తే రీబూట్ తర్వాత మళ్ళీ పాత సైజుకే వచ్చేస్తుంది, మీరు తగ్గించాననుకుని సంబరపడటమే మిగులుతుంది.

## ఏ దారైనా సరే, ముందు చేయాల్సినవి

క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌బ్యాకప్ కొట్టి హెడర్ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, లక్స్2 అయితే మామూలుగా 16 ఎంఐబీ ఫైలు వస్తుంది, పెద్ద భారం కాదు. కాకపోతే ఆ ఫైలు జాగ్రత్త, అందులో ఈరోజు పాస్‌వర్డ్‌తో తెరుచుకునే తాళం ఉంటుంది, రేపు మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ పాత కాపీకి పాత పాస్‌వర్డ్ పనిచేస్తూనే ఉంటుంది.

రెండోది ఎస్‌ఎఫ్‌డిస్క్ హైఫన్ డీ. ఏ పార్టిషన్ ఏ సెక్టార్లో మొదలై ఎంతదూరం ఉందో నాలుగు లైన్లలో చూపిస్తుంది. దాన్ని ఫోన్‌తో ఫోటో తియ్యండి. ఫైల్‌గా అదే డిస్క్‌లో దాచుకుంటే ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టు.

మా బావమరిది లాప్‌టాప్‌ని ఈ ఫోటోనే కాపాడింది. 200 జీబీ పార్టిషన్‌కి ఇంకో 100 కలపాలని పార్టెడ్‌లో రీసైజ్‌పార్ట్ 3 అని కొట్టి, ఎండ్ అని అడిగితే 100జీబీ అని ఇచ్చాడు. పార్టెడ్ అడిగేది ఎంత కలపాలని కాదు, ఎంత సైజు కావాలని కూడా కాదు, డిస్క్ మొదటినుంచి లెక్కేస్తే ఎక్కడ ముగియాలి అని. అంటే పెంచబోయి సగానికి కోసేశాడు. ష్రింక్ చేస్తే డేటా పోవచ్చు అని అది వార్నింగ్ కూడా ఇచ్చింది, మనోడు అన్నిటికీ ఎస్ కొట్టే రకం. రెండు నిమిషాల్లో స్క్రీన్ నిండా ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు, రూట్ రీడ్ ఓన్లీ అయిపోయింది, నాకు ఫోన్ చేసినప్పుడు గొంతు కూడా సరిగ్గా రాలేదు. అదృష్టం ఏంటంటే పార్టిషన్ గీత జరిగింది కానీ గీత అవతలున్న డేటాని ఎవరూ ముట్టుకోలేదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, ఫోటోలో ఉన్న పాత చివరి సెక్టార్ నంబర్ అలాగే ఇచ్చి, ఒకసారి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తనిఖీ) తిప్పితే మొత్తం వచ్చేసింది. ఫోటో లేకపోయినా వెతికి పట్టుకునేవాళ్ళమేమో, కానీ ఆ రాత్రి ఇద్దరికీ నిద్రుండేది కాదు.

ఇక మిగతావి మీకు తెలిసినవే. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలెట్టకండి, ఎస్‌ఎస్‌హెచ్‌లో చేస్తుంటే టీమక్స్ లోపల చేయండి, కనెక్షన్ తెగినా పని ఆగదు.

## మొదటి దారి: ఉన్నదాన్నే సాగదీయడం

కుడిపక్క ఆనుకుని ఖాళీ ఉంటే ఇదే. వర్చువల్ మిషన్ డిస్క్ పెంచినవాళ్ళకి, చిన్న ఎస్‌ఎస్‌డీని పెద్దదానికి క్లోన్ చేసుకున్నవాళ్ళకి మామూలుగా ఖాళీ సరిగ్గా అక్కడే వస్తుంది.

ఉబుంటు తరహా సెటప్ అయితే వరస ఇది: గ్రోపార్ట్‌తో పార్టిషన్, క్రిప్ట్‌సెటప్ రీసైజ్‌తో లక్స్, పీవీ రీసైజ్‌తో ఎల్‌వీఎం కింది పొర (పీవీ), ఎల్‌వీ ఎక్స్‌టెండ్ హైఫన్ ఆర్ హైఫన్ ఎల్ (చిన్న అక్షరం) ప్లస్ 100 శాతం ఫ్రీ అని చివరిది. ఆ హైఫన్ ఆర్ ఫైల్‌సిస్టమ్‌ని కూడా తనే పెంచేస్తుంది. ఫెడోరా అయితే లక్స్ తర్వాత నేరుగా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ రీసైజ్ మ్యాక్స్ స్లాష్, అంతే. మొత్తం పని టీ చల్లారేలోపు అయిపోతుంది, ఎందుకంటే డేటా ఎక్కడిదక్కడే ఉంది, గీతలు మాత్రమే జరిగాయి.

తడబడే చోట్లు మూడు. గ్రోపార్ట్‌కి డిస్క్ పేరు, పార్టిషన్ నంబర్ మధ్య స్పేస్ ఉండాలి, చాలామంది కలిపి కొట్టి ఎర్రర్ వచ్చిందంటారు. పైగా అది పక్కనున్న ఖాళీ మొత్తం మింగేస్తుంది, కొంత వదలాలంటే పార్టెడ్ వాడాలి, పైన కథ గుర్తుపెట్టుకుని. రెండోది, క్రిప్ట్‌సెటప్ రీసైజ్‌కి ఇవ్వాల్సింది పార్టిషన్ పేరు కాదు, తాళం తీశాక స్లాష్ డెవ్ స్లాష్ మ్యాపర్ కింద కనిపించే పేరు. అది లక్స్2 అయితే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆల్రెడీ తెరిచే ఉంది కదా మళ్ళీ ఎందుకు అని కంగారుపడొద్దు, తాళం కెర్నెల్ కీరింగ్‌లో ఉంటుంది కాబట్టి బయటనుంచి చదవలేదు, అందుకే అడుగుతుంది. మూడోది వర్చువల్ మిషన్లలో, డిస్క్ పెంచాక జీపీటీ (పార్టిషన్ల పట్టిక) బ్యాకప్ టేబుల్ పాత చివరిలోనే ఉండిపోతుంది, పార్టెడ్ తెరవగానే ఫిక్స్ ఆర్ ఇగ్నోర్ అంటుంది, ఫిక్స్ అనండి.

వాడుతున్న పార్టిషన్ గీత నడుస్తుండగా జరపొచ్చా అనే అనుమానం చాలామందికి ఉంటుంది. కెర్నెల్ 3.6 నుంచి, అంటే 2012 నుంచి, ఈ సదుపాయం ఉంది. పాత పుస్తకాల్లో రీబూట్ తప్పనిసరి అని ఉంటుంది, ఇప్పుడు అవసరం లేదు. ఎఫ్‌డిస్క్ వాడితే ఒక్కోసారి డివైస్ బిజీ అంటుంది, అప్పుడు పార్ట్‌ఎక్స్ హైఫన్ యూ కొడితే కెర్నెల్‌కి కొత్త లెక్క తెలుస్తుంది.

ఈ దారిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని లోపం ఒకటుంది. కొత్తగా కలిసిన జాగాలో ఇంతకుముందు విండోస్ ఉండేదనుకోండి, ఆ పాత ఫైళ్ళ అవశేషాలు ఎన్‌క్రిప్ట్ కాకుండా అలాగే ఉంటాయి, మీరు దానిమీద కొత్త డేటా రాసేదాకా. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్టెడ్ కదా అని ధీమాగా ఉంటారు, అందులో పాత ఆధార్ స్కాన్ ఓపెన్‌గా ఉండొచ్చు. ఎస్‌ఎస్‌డీ అయితే కలిపే ముందే ఆ ఖాళీలో తాత్కాలికంగా పార్టిషన్ చేసి బీఎల్‌కేడిస్కార్డ్ (అక్కడున్నది చెరిపేసే కమాండ్) కొట్టేయడం తేలిక, కొట్టే ముందు పార్టిషన్ పేరు రెండుసార్లు చదవండి చాలు.

## రెండో దారి: ఇంకో ఎన్‌క్రిప్టెడ్ ముక్క తెచ్చి కలపడం

డ్యూయల్ బూట్ వాళ్ళందరూ ఇక్కడికే వస్తారు. విండోస్‌లోకెళ్ళి సీ డ్రైవ్ ష్రింక్ చేస్తారు, ఆ ఖాళీ సీ డ్రైవ్ పక్కనే పడుతుంది, దాని తర్వాత రికవరీ పార్టిషన్, తర్వాత స్లాష్ బూట్, ఆ తర్వాత మీ లక్స్. అంటే ఖాళీ ఎడమపక్క, మధ్యలో ఇద్దరు కాపలా. పార్టిషన్ మొదలు జరపాలంటే లోపలున్న ప్రతి బైటూ కదలాలి, మిషన్ ఆపి గంటలతరబడి చేయాలి, మధ్యలో కరెంట్ పోతే సగం అక్కడ సగం ఇక్కడ. నేనైతే ఎవరికీ చెప్పను.

దానికి బదులు ఆ ఖాళీలోనే కొత్త పార్టిషన్, దానికి లక్స్‌ఫార్మాట్, తెరిచి పీవీ క్రియేట్, వీజీ ఎక్స్‌టెండ్, ఎల్‌వీ ఎక్స్‌టెండ్. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే డివైస్ యాడ్. మిషన్ ఆగదు, ఉన్న పార్టిషన్‌ని ముట్టుకోనే ముట్టుకోరు, ఖాళీ ఎటుపక్కున్నా, వేరే డిస్క్‌లో ఉన్నా పర్లేదు. పైగా ఇందాక చెప్పిన పాత అవశేషాల సమస్య ఇక్కడ శుభ్రంగా తీరుతుంది, పీవీ చేసే ముందు తెరిచిన మ్యాపర్ మీద సున్నాలు రాసేస్తే కింద డిస్క్‌లో రాండమ్ చెత్తలా పడుతుంది.

ఖరీదు ఎక్కడంటే బూట్‌లో. రూట్ ఇప్పుడు రెండు ముక్కల మీద ఉంది, రెండూ తెరుచుకుంటేనే మిషన్ లేస్తుంది. బూట్‌లో ఏవి తెరవాలో చెప్పే క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్లో కొత్తదాని యూయూఐడీ (గుర్తింపు నంబర్) తో లైన్ రాయాలి, మ్యాపర్‌ది కాదు, లక్స్ పార్టిషన్ యూయూఐడీ. డెబియన్, ఉబుంటుల్లో ఆ లైన్ చివర ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లేచే చిన్న సిస్టమ్) అనే ఆప్షన్ పెట్టి అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కొట్టాలి, ఫెడోరాలో అదే పని చేసే డ్రాకట్‌తో పాటు గ్రబ్ కమాండ్ లైన్లో ఆర్‌డీ డాట్ లక్స్ డాట్ యూయూఐడీ కూడా కలపాలి, అది మర్చిపోతే పాతదొక్కటే తెరుచుకుంటుంది. రెండోదాని కీఫైల్ (పాస్‌వర్డ్‌కి బదులు తాళం తీసే ఫైలు) రూట్‌లో పెడదాం అనే తెలివి ఇక్కడ పనికిరాదు, ఆ రూట్ తెరుచుకోవడానికే కదా రెండో ముక్క కావాలి. కొత్త ముక్క స్లాష్ హోమ్‌కి మాత్రమే వాడుకుంటే కీఫైల్ నడుస్తుంది.

నేను చేసే పద్ధతి చెప్తా. లక్స్‌ఫార్మాట్ అయ్యాక, క్రిప్ట్‌ట్యాబ్ రాశాక, గ్రూప్‌లో కలపకుండానే ఒకసారి రీబూట్ చేస్తా. బూట్‌లో కొత్తది కూడా తెరుచుకుందా లేదా అని క్రిప్ట్‌సెటప్ స్టేటస్‌తో చూసుకుని, అప్పుడే వీజీ ఎక్స్‌టెండ్. తప్పు ఉంటే ఖాళీ పార్టిషన్ తెరుచుకోలేదంతే, రూట్‌కి ఏమీ కాలేదు. కలిపేశాక తెలిస్తే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర కూర్చుని ఫోన్‌లో వెతుక్కోవాలి.

ఇంకో గొయ్యి ఉంది, కొత్త డిస్కులతో ఎక్కువ. ఇటీవలి క్రిప్ట్‌సెటప్, డిస్క్ 4096 బైట్ల సెక్టార్ అని చెప్తే లక్స్ సెక్టార్ కూడా 4096 పెట్టేస్తుంది, మీ పాతది 512. అప్పుడు వీజీ ఎక్స్‌టెండ్ బ్లాక్ సైజులు కలవట్లేదని మొహం మీదే తలుపేస్తుంది. ఫార్మాట్ చేసేప్పుడే సెక్టార్ సైజ్ 512 అని ఇస్తే గొడవ లేదు.

ఒకే డిస్క్‌లో రెండు ముక్కలైతే రిస్క్ పెద్దగా పెరగదు. రెండు వేర్వేరు డిస్కులైతే మాత్రం ఏది పోయినా మొత్తం పోయినట్టే, అందులోనూ ఒకటి పాత హార్డ్‌డిస్క్ అయితే అస్సలొద్దు, మూడో దారి చూడండి.

## మూడో దారి: కలపకుండా పక్కనే పెట్టుకోవడం

కొత్త లక్స్ పార్టిషన్, దానిమీద కొత్త ఫైల్‌సిస్టమ్, స్లాష్ డేటా అనో ఇంకేదో పేరుతో మౌంట్. వర్చువల్ మిషన్ల ఇమేజ్‌లు, డాకర్, సినిమాలు, ఫోటోలు అక్కడికి తోసేయండి. కీఫైల్ రూట్‌లో పెట్టుకోవచ్చు, రూట్ ఎలాగూ ఎన్‌క్రిప్టెడ్డే. క్రిప్ట్‌ట్యాబ్‌లో, ఎఫ్‌స్ట్యాబ్ (ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు) లో నోఫెయిల్ పెడితే ఆ డిస్క్ చచ్చినా మిషన్ లేస్తుంది.

గొప్పగా అనిపించదు, కానీ డిస్క్ నిండింది అని వచ్చేవాళ్ళలో చాలామందికి నిజంగా కావాల్సింది ఇదే. ఒక్క సందర్భంలో సరిపోదు, స్లాష్ యూఎస్‌ఆర్, స్లాష్ వార్ లాంటి సిస్టమ్ ఫోల్డర్లే నిండిపోతే వాటిని తరలించడం తలనొప్పి.

## నాలుగో దారి: నడుస్తుండగానే కొత్త డిస్క్‌కి కాపురం మార్చడం

512 జీబీ తీసి 2 టీబీ పెట్టాలనుకునేవాళ్ళకి. కొత్త డిస్క్‌ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లోనో రెండో స్లాట్‌లోనో పెట్టి, లక్స్‌ఫార్మాట్ చేసి, గ్రూప్‌లో కలిపి, పీవీమూవ్ కొట్టండి. మీరు బ్రౌజర్లో పని చేసుకుంటూనే ఉంటారు, వెనకాల డేటా ఒక డిస్క్‌నుంచి ఇంకోదానికి పోతూ ఉంటుంది. మధ్యలో కరెంట్ పోయినా, లాప్‌టాప్ ఆగినా ఫర్వాలేదు, అది చెక్‌పాయింట్లు రాసుకుంటూ పోతుంది, మళ్ళీ ఆన్ అయ్యాక పీవీమూవ్ అని ఉత్తినే కొడితే ఆగిన చోటనుంచి మొదలెడుతుంది. కాకపోతే ఆ మధ్యలో రూట్ రెండు డిస్కుల మీదా ఉంటుంది కాబట్టి రెండో దారిలో చెప్పిన క్రిప్ట్‌ట్యాబ్ పని ముందే అయ్యుండాలి. అయిపోయాక వీజీ రెడ్యూస్‌తో పాతదాన్ని తీసేయడం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో దీనికి రీప్లేస్ ఉంది, అదీ ఆన్‌లైనే.

అందరూ మర్చిపోయేది స్లాష్ బూట్, ఈఎఫ్‌ఐ పార్టిషన్లు. అవి ఎల్‌వీఎంలో ఉండవు, పీవీమూవ్ వాటిని తీసుకెళ్ళదు. వాటిని చేత్తో కాపీ చేసి, ఎఫ్‌స్ట్యాబ్ సరిచేసి, కొత్త డిస్క్ మీద గ్రబ్ ఇన్‌స్టాల్ చేయాలి. పాత డిస్క్‌ని వారం రోజులు అలాగే పక్కన పెట్టండి, గ్రూప్‌లోంచి తీసేశాక అది బ్యాకప్‌గా పనికిరాదనుకోండి, కానీ దానిమీద పాత బూట్ పార్టిషన్ ఉంటుంది, ఒక్కోసారి అదే దిక్కు.

దీని అదనపు లాభం, పాత లక్స్1 మీద ఉన్నవాళ్ళు దారిలోనే లక్స్2కి మారిపోతారు.

## ఐదో దారి: తగ్గించడం

ఎందుకు తగ్గిస్తున్నారో ఒకసారి ఆలోచించండి, ఎందుకంటే కష్టానికి తగ్గ ఫలితం చాలా తక్కువసార్లు ఉంటుంది. పక్కన ఇంకో డిస్ట్రో వేసుకోవాలంటే వర్చువల్ మిషన్‌లో వేసుకోవచ్చు.

తప్పదంటే, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాళ్ళు మాత్రమే అంతా నడుస్తుండగా చేయగలరు. ఈఎక్స్‌టీ4 రూట్ అయితే లైవ్ యూఎస్‌బీ తప్పదు. స్లాష్ హోమ్ వేరే ఎల్‌వీ అయితే మధ్యస్తంగా ఒక దారుంది, డెస్క్‌టాప్‌లోంచి లాగవుట్ అయి, కన్సోల్‌లో రూట్‌గా లాగిన్ అయి, హోమ్‌ని అన్‌మౌంట్ చేసి తగ్గించొచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాళ్ళు నేరుగా ఆరో దారికి వెళ్ళిపోండి.

లెక్క ఎలా ఉంటుందో ఒకటి చేసి చూపిస్తా. లోపల వాడుకునే జాగా 80 జీఐబీ ఉండాలనుకుందాం. క్రిప్ట్‌సెటప్ రీసైజ్‌కి సైజు 512 బైట్ల సెక్టార్లలో ఇవ్వాలి, లక్స్ సెక్టార్ 4096 ఉన్నా సరే ఈ లెక్క 512లోనే. 80 జీఐబీ అంటే 16,77,72,160 సెక్టార్లు. దానికి ముందు హెడర్ 16 ఎంఐబీ, అంటే 32,768 సెక్టార్లు. రెండూ కలిపితే పార్టిషన్ కనీసం 16,78,04,928 సెక్టార్లు ఉండాలి. ఇది పొడవు మాత్రమే, పార్టెడ్‌కి ఇచ్చేప్పుడు దీనికి పార్టిషన్ మొదలయ్యే సెక్టార్ కూడా కలిపి, యూనిట్ ఎస్ పెట్టుకుని ఇవ్వాలి. ఆ 16 ఎంఐబీ మర్చిపోయి పార్టిషన్‌ని సరిగ్గా 80కి కోస్తే ఫైల్‌సిస్టమ్ తోక తెగుతుంది.

అంత లెక్క నమ్మకం లేకపోతే అందరూ చేసే చిట్కా ఉంది. 80 కావాలంటే ఫైల్‌సిస్టమ్‌ని ముందు 75కి తగ్గించండి, ఎల్‌వీఎం ఉంటే దాన్ని 77కి, బయటి పొరల్ని తీరిగ్గా 80కి తెచ్చాక, మళ్ళీ లోపలివాటిని నిండుగా పెంచుకోండి. నేను లెక్క తెలిసినా ఇలాగే చేస్తా.

ఎల్‌వీఎం ఉంటే ఇంకో అడ్డంకి. పీవీ తగ్గించబోతే చివర్లో ఎవరో కూర్చున్నారు, కుదరదు అంటుంది. చూస్తే చాలాసార్లు అది స్వాప్ ఎల్‌వీ, గ్రూప్ చివర్లో ఉంటుంది. స్వాప్ ఆఫ్ చేసి తీసేసి మళ్ళీ ముందువైపు చేసుకోవడమో, పీవీమూవ్‌తో అదే డిస్క్‌లో ముందుకు జరపడమో. జీపార్టెడ్ పీవీ వరకు చూస్తుంది కానీ లోపలి ఎల్‌వీల సైజు మార్చదు, కాబట్టి మౌస్‌తో అయిపోతుందని ఆశ పెట్టుకోకండి.

## ఆరో దారి: అంతా బయట పెట్టి మళ్ళీ కట్టుకోవడం

ఆర్‌సింక్‌తో బయట డిస్క్‌కి కాపీ, కావాల్సిన సైజుతో కొత్త లక్స్, మళ్ళీ వెనక్కి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ తగ్గించాలన్నా, డేటా ఇంటిగ్రిటీ ఆప్షన్‌తో చేసిన లక్స్2 అయినా, పార్టిషన్లు ఏళ్ళతరబడి కెలికి అతుకులబొంత అయిపోయినా ఇదే దిక్కు. ఒక సాయంత్రం పోతుంది. కానీ ఏం జరుగుతోందో పూర్తిగా అర్థమవుతుంది, ఆ బయట కాపీ ఎలాగూ మిగులుతుంది.

## పక్కపక్కన పెడితే

| దారి | మిషన్ ఆపాలా | ఖాళీ ఎక్కడుండాలి | పట్టే టైమ్ | ముఖ్యమైన చిక్కు |
|---|---|---|---|---|
| సాగదీయడం | అక్కర్లేదు | కుడిపక్క ఆనుకుని | నిమిషాలు | పాత అవశేషాలు |
| ముక్క కలపడం | ఒక రీబూట్ | ఎక్కడైనా | అరగంట | బూట్ సెటప్ |
| పక్కన మౌంట్ | అక్కర్లేదు | ఎక్కడైనా | పావుగంట | ఫైళ్ళు మీరే సర్దుకోవాలి |
| కొత్త డిస్క్‌కి మారడం | డిస్క్ బిగించేప్పుడు | కొత్త డిస్క్ | గంటలు | బూట్, ఈఎఫ్‌ఐ విడిగా |
| తగ్గించడం | బీటీఆర్‌ఎఫ్‌ఎస్ తప్ప అందరూ | అవసరం లేదు | గంట నుంచి | లెక్క తప్పితే డేటా పోతుంది |
| మళ్ళీ కట్టడం | అవును | బయట డిస్క్ | ఒక పూట | ఓపిక |

## మరి మీరు ఏది పట్టుకోవాలి

ఇంట్లో ఒక్క లాప్‌టాప్, పక్కన విండోస్, లైనక్స్ నేర్చుకుంటున్న స్టూడెంట్ అయితే మూడో దారి. తప్పు జరిగినా మీ రూట్ క్షేమం, సెమిస్టర్ ప్రాజెక్ట్ అందులోనే ఉంటుంది కదా. కమాండ్ లైన్ అలవాటై రీబూట్ అంటే భయం లేకపోతే రెండోది.

ఆఫీస్ లాప్‌టాప్ అయితే ముందు ఐటీ వాళ్ళని అడగండి. రికవరీ కీ వాళ్ళ దగ్గర నమోదై ఉండొచ్చు, మీరు కొత్త లక్స్ చేస్తే దాని కీ వాళ్ళ దగ్గర ఉండదు. అలాంటిచోట మొదటి దారి ఒక్కటే నప్పుతుంది, అదే హెడర్, అవే కీలు.

రిమోట్ సర్వర్ చూసుకునేవాళ్ళకి కూడా మొదటిదే, డిస్క్‌ని ప్రొవైడర్ పానెల్లో పెంచి, రీస్కాన్ చేసి, నాలుగు కమాండ్లు. రెండో దారిలో ఆ ఒక్క రీబూట్ ఉంది చూశారా, బూట్‌లో పాస్‌వర్డ్ ఎవరు కొడతారు? కన్సోల్ యాక్సెస్ గానీ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో డ్రాప్‌బేర్ (చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్) గానీ ముందే పనిచేస్తోందని చూసుకోకపోతే హైదరాబాద్‌లో కూర్చుని ముంబై డేటాసెంటర్లో ఉన్న మిషన్‌కి పింగ్‌లు కొట్టుకుంటూ ఉండాలి.

ఫెడోరా వాళ్ళకి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పెరుగుతుంది, తగ్గుతుంది, డివైస్ కలుపుకుంటుంది, తీసేస్తుంది, ఏది చేసినా వెనక్కి రావచ్చు. కలిపింది నచ్చకపోతే డివైస్ రిమూవ్ అంటే డేటా సర్దుకుని బయటికొచ్చేస్తుంది. ఎల్‌వీఎం మీద ఈఎక్స్‌టీ4 వాళ్ళకి ఆ వెనక్కి రావడమే కష్టం, పెంచిన ఫైల్‌సిస్టమ్‌ని మళ్ళీ తగ్గిస్తేగానీ కలిపిన ముక్క తీయలేరు. అందుకే ఎల్‌వీఎం ఉన్నవాళ్ళకి ఒకటే చెప్తా, వీజీలో 150 వచ్చింది కదా అని మొత్తం ఒకేసారి రూట్‌కి పోసేయకండి. 40 ఇవ్వండి, మిగతాది గ్రూప్‌లో ఉంచండి. ఆర్నెల్ల తర్వాత హోమ్ నిండినప్పుడు ఇంకో ఎల్‌వీ ఎక్స్‌టెండ్‌తో పోతుంది, అప్పుడు లైవ్ యూఎస్‌బీ కోసం డ్రాయర్లు వెతుక్కోనక్కర్లేదు.